రెండో అరలో మూడు ఇన్‌హేలర్లు

ఆ కాగితం తర్వాత ఇద్దువుగానీ తమ్ముడూ, ముందు స్టూలు ఇటు లాక్కుని దగ్గరగా కూర్చుని విను. మీ ఆవిడ ఉద్యోగం మానేస్తానంటే రాజీనామా పట్టుకుని వచ్చేయడమేనా? ఎందుకని అడగొద్దూ?

అడిగావా. చెప్పలేదా. చెప్పదులే.

ఆ మహమ్మారి రోజుల్లో ఈ మందుల షాపు ముందు వరస వీధి మలుపు దాకా ఉండేది. మీ ఆవిడ కౌంటర్లో, నేను పక్కనే బిల్లుల దగ్గర. సరుకేమో పిసరంత వచ్చేది. పొద్దస్తమానం ఎన్నిసార్లు "లేదండీ" అనేదో ఆ దేవుడికే తెలియాలి. పోనుపోను అవతలి మనిషి మాట పూర్తి కాకముందే అనేసేది. "లేదమ్మగారు ఉన్నారా?" అని జనం వేళాకోళమాడితే నవ్వేది కూడా పాపం. ఇంట్లో పాప మంచినీళ్లడిగినా లేదందని నువ్వే కదా అన్నావు?

ఒకరోజు ఒకాయన వచ్చాడు. భార్యకి ఆయాసంగా ఉందట, ఇన్‌హేలర్ కావాలన్నాడు. ఈమె వెనక్కి తిరిగి చూడకుండానే లేదండీ అంది. వెళ్లిపోయాడు.

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. విప్పని మాత్రల అట్టలు కౌంటర్ మీద పెట్టి, "మా ఇంట్లో ఇక వీటితో పనిలేదమ్మా, ఎవరికైనా ఇవ్వండి" అన్నాడు. వాటిని పక్కన పెడదామని ఈమె వెనక్కి తిరిగింది. రెండో అరలో మూడు ఇన్‌హేలర్లు.

"అక్కా, ఇవెప్పుడొచ్చాయి?"

"ఆయన మొదటిసారి వచ్చిన రోజు పొద్దున. నువ్వు సర్దినవే కదా" అన్నాను.

అలసటలో తనే సర్ది మర్చిపోయిందనుకుంది పిచ్చిది. అప్పట్నుంచి ఎవరేమడిగినా ముందు ఆ అర తడిమేది. ఖాళీ అని తెలిసినా మళ్లీ తడిమేది. "ఆయన ఇంకా ఇక్కడే నిలబడి ఉన్నాడక్కా" అనేది.

లేవకు తమ్ముడూ. అసలు సంగతి చెప్పనేలేదు.

సర్దింది తను కాదు, నేను. ఆయన అడిగినప్పుడు ఉన్నాయని చెప్పబోయాను. అప్పుడే దగ్గాడు. మాస్కు గడ్డం కింద ఉంది. ఈ మనిషి ఇక్కణ్ణుంచి పోతే చాలనుకుని నోరు మూసుకున్నాను.

దేవుడికి రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయన వింటాడు గానీ, వెళ్లి మీ ఆవిడకి చెప్పడుగా. నేనే చెబుదామని రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చాను. తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగాను.

ఇంకేం గుర్తుంచుకోకపోయినా ఫర్వాలేదు, నేను చేసిన ఈ ఒక్క పని గుర్తుంచుకో. ఉన్నాయని అక్కకి తెలుసట, తెలిసే ఊరుకుందట అని చెప్పు. ఒకసారికి నమ్మదు. నమ్మేదాకా చెబుతూనే ఉండు.