పదిమంది దగ్గర ఆగిన జట్టు

స్నానం చేస్తున్నాడంట! విన్నావా చిలకమ్మక్కా? పొద్దున ఫోన్ చేస్తే స్నానం, ఇప్పుడు చేస్తే స్నానం. తణుకు కాలువలో నీళ్ళన్నీ మా తారక్ ఒక్కడే పోసుకుంటున్నట్టున్నాడు.

పక్కనే నిలబడి లేనని చెప్పిస్తున్నాడు, నాకు తెలీదా? మా అత్తగారికి అబద్ధం చెప్పడం రాదు పాపం. "స్నానం... స్నానమేనమ్మా మంజూషా" అంటూ నసిగింది. వెనకాల వీడు "పెట్టెయ్ నాన్నమ్మా" అంటున్నాడు. నీళ్ళ చప్పుడు లేదు, వాడి గొంతే స్పష్టంగా వినపడింది.

రాత్రికి హాస్టల్ మొత్తానికీ నువ్వొక్కదానివే వండాలి, ఆ బీరకాయలు ఇటివ్వు. నేనూ చెక్కు తీస్తాను. చేతిలో పని లేకపోతే మళ్ళీ ఫోన్ చేసేలా ఉన్నాను. ఆదివారం, ఆడపిల్లలంతా సినిమాలకి పోయారు, హాస్టల్లో మనిద్దరమే. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

ఏంటి? పిల్లగాడే కదా, రెండు రోజుల్ల మరిచిపోతడు అంటావా? పన్నెండేళ్ళు అక్కా వాడికి. ఈ వయసులో మర్చిపోరు. నీకు కొడుకు అలిగాడని చెప్పానే గానీ, ఎందుకలిగాడో చెప్పలేదు.

నా సంగతి నువ్వు చూస్తూనే ఉన్నావుగా. ఆయన ఒడిశాలో సైటు మీద, నేను ఇక్కడ మధురానగర్లో, పిల్లలిద్దరూ తణుకులో అత్తగారి దగ్గర. దూరంగా ఉన్నా ఏ లోటూ రాకూడదని ఎంత తాపత్రయపడతాను! పాలు తాగారా, హోంవర్క్ అయిందా, హరిణికి తల దువ్వారా, తారక్ కళ్ళజోడు పెట్టుకున్నాడా... నవ్వకు. నువ్వే అన్నావుగా, "ఫోన్ల నుంచే జడ అల్లేటట్టున్నవ్" అని.

అంత జాగ్రత్త గలదాన్ని. ఏం చేశానో తెలుసా?

పోయిన నెల మా కోచింగ్ సెంటర్లో ఒక కుర్రాడు ఫీజు కట్టమని ఇంట్లో ఇచ్చిన డబ్బంతా, ఆటగాళ్ళని ఏరి పందెం కాసే ఏదో ఫాంటసీ యాప్‌లో పెట్టి పోగొట్టుకున్నాడు. వాళ్ళ నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి, కౌన్సెలర్ని కదా అని నా టేబుల్ ముందు కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు నా చెవుల్లోంచి పోలేదు.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు మాటల్లో అంది: "వీడు తిండి కూడా మానేసి ఏదో ఫాంటసీ టీమ్ కడుతున్నాడే అమ్మాయ్, ఫుట్‌బాల్ అంట."

అంతే. నాకు ఇంకేం వినపడలేదు.

"ఏం టీమ్? ఎన్నాళ్ళ నుంచి? ఎవరు నేర్పారు?" అని కూడా అడగలేదక్కా. వాణ్ణి పిలిపించి ఫోన్లోనే తిట్టా. జూదగాడివి అన్నా. పక్కన చెల్లెలు వింటోంది, స్పీకర్లో ఉంది. "అమ్మా, అది కాదమ్మా, నీకు చెప్పాను కదా" అంటున్నాడు. ఎదురు చెప్పకు అన్నా. మామగారికి చెప్పి వాడి చేతిలోంచి ఫోన్ లాగించేశా.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు వాళ్ళ క్లాస్ టీచర్‌కి కూడా ఫోన్ చేశా. సుకన్యా మేడం. "పిల్లాడు బెట్టింగులో పడ్డాడండీ, బ్యాగులో ఇంకో ఫోనేమైనా దాచాడేమో చూడండి" అన్నా. అనుమానం నాది, ఆవిడదేం తప్పు? బెట్టింగు సంగతి అడుగుతూ అందరి ముందూ బ్యాగు బోర్లించింది.

ఏం దొరికింది? పెన్సిల్ పెట్టె, కాస్త మెత్తబడ్డ జామకాయ, ఒక డ్రాయింగ్ షీటు. ఆ షీటు మీద ఫుట్‌బాల్ మైదానం గీసి, ఆటగాళ్ళ పేర్లు రాసుకున్నాడు. అంతే! డబ్బూ లేదు, యాప్ లేదు. ఈ తరంలో గొప్ప ఆటగాళ్ళందర్నీ ఏరి, ఎవరి జట్టు బాగుందో చూసుకునే సరదా. వాళ్ళ క్లాసులో పిల్లలంతా ఆడుకుంటున్నారంట.

ఆవిడ నాకు ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పింది. "ఏం లేదండీ, పేపర్ మీద ఆటే" అని. వాడి ఫోన్ వాడికి ఇప్పించేశాను. కానీ ఏం లాభం? అప్పటికే పిల్లలు పేరు పెట్టేశారు. బెట్టింగ్‌గాడంట. ప్రమోద్ అని వాడి ప్రాణస్నేహితుడే మొదలుపెట్టాడంట.

లేదు, నేను ఏడవడం లేదు. చెప్పనీ.

నిన్న పంజాగుట్టలో ఆటసామాన్ల షాపుకెళ్ళా. గోల్‌కీపర్లు వేసుకునే గ్లౌజులు కొని పంపిద్దామని. ఆ షాపతను "సైజు ఎంత మేడం?" అన్నాడు. నా కొడుకు చెయ్యి ఎంతుంటుందో నాకు తెలియలేదక్కా. గాల్లో ఇలా చూపించా. అతను "ఏడేళ్ళ పాపకా?" అన్నాడు. పోయిన వేసవిలో పట్టుకున్న చెయ్యి కొలత చూపించానేమో, ఇంకా వెనకటిదో. కొనకుండా వచ్చేశా. అయినా వాడసలు ఆడనే ఆడడు. జట్టు కడతాడంతే.

ఆ జట్టు సంగతి చెప్పనా? నీకు ఫుట్‌బాల్ తెలీదా? నాకు మాత్రం తెలుసా ఏంటి! ఇప్పుడు నేర్చుకున్నా.

మిగతా పిల్లలంతా గోల్స్ కొట్టేవాళ్ళనే ఏరుకున్నారంట. వీడొక్కడే ఆలోచించాడు. "అమ్మా, ప్రమోద్‌గాడి టీమ్‌లో అందరూ గోల్ కొట్టేవాళ్ళే. మరి బంతి ఎవరు తెచ్చిస్తారు?" అంటాడు. చూడు, ఎంత బుర్ర! హాస్టల్లో అందరూ కూరలు వండుతాం అంటే అన్నం వార్చేదెవరు, అలాగన్నమాట.

ముందు మెస్సీ, రొనాల్డో, ఎంబాపె. వాళ్ళ పేర్లు నువ్వూ విని ఉంటావు, ఆటోల వెనకాల బొమ్మలుంటాయి. వెనక కాపలాకి లామ్, వాన్ డైక్, రామోస్, మార్సెలో. ఈ మార్సెలో కాపలా వదిలేసి ముందుకి పరిగెత్తుతాడంట. "కానీ సరదా మనిషమ్మా, ఉండనీ" అన్నాడు. మధ్యలో ఇనియెస్టా, మోడ్రిచ్. ఇంకా కాంతే.

కాంతే అంటే వాడికి ప్రాణం. పొట్టిగా ఉంటాడంట, గట్టిగా మాట్లాడడంట. మెస్సీ, రొనాల్డో బంతి పోయాక వెనక్కి రారు కదా, వాళ్ళిద్దరి పరుగూ ఇతనే పరిగెత్తుతాడంట. "మన నాన్నమ్మలాంటివాడమ్మా. ఎవరు తిన్న కంచం వాళ్ళు వదిలేసి పోతే తను తీస్తుంది చూడు, అలాగ" అన్నాడు.

నువ్వు నవ్వుతావని తెలుసు. నేనూ నవ్వా.

గోల్‌కీపర్ ఒక్కడే మిగిలాడు. పదిమంది దగ్గర ఆపేశాడు. "అమ్మా, గోల్‌కీపర్ని నువ్వు చెప్పాలి. నోయరా, బుఫానా, కసియాసా? ముగ్గురి గురించీ చెప్తాను, నువ్వు తేల్చు. నువ్వు అన్నీ రెండుసార్లు చూస్తావు కదా, నువ్వయితే తప్పు రాదు. నువ్వు చెప్పేదాకా ఆ ఖాళీ అలాగే ఉంచుతాను" అన్నాడు.

ఎప్పుడన్నాడా? అదే కదా అక్కా.

నేను జూదగాడివని తిట్టకముందే అన్నాడు. రోజూ అన్నాడు. స్కూలు నుంచి రాగానే మామగారి పడకకుర్చీలో కూర్చుని నాకు వాయిస్ మెసేజీ పెట్టేవాడు. ఒక్కో రోజు ఒక్కో ఆటగాడి గురించి. అదంతా నా ఫోన్లోనే ఉంది.

నేను వినలేదు.

ఆగు, తిట్టకు. ఎందుకు వినలేదో చెప్తాను. మా ఆఫీసులో ఒక పద్ధతుంది. కోర్సు గురించి ఎవరు వాయిస్ మెసేజీ పెట్టినా వెంటనే బొటనవేలు బొమ్మో, నమస్కారం బొమ్మో పెట్టెయ్యాలి. లేకపోతే అమీర్‌పేటలో మెట్టు మెట్టుకీ కోచింగ్ సెంటరే, పక్కదానికి పోతారు. ముందు గుర్తు పెట్టి, సాయంత్రం రిపోర్టు ఇచ్చేముందు తీరిగ్గా వింటాం. నా చేతికి అదే అలవాటైపోయింది. తారక్ మెసేజీ వస్తే హృదయం బొమ్మ నొక్కేసేదాన్ని. సాయంత్రం విందాం అనుకునేదాన్ని. స్టూడెంట్లవి వినకపోతే మేనేజరు అడుగుతాడు. నా కొడుకువి వినకపోతే ఎవరడుగుతారు?

పాలు తాగానమ్మా, హోంవర్క్ చేశానమ్మా అని ఉంటుందిలే అనుకున్నా. నేను అడిగేవి అవేగా.

"నీకు చెప్పాను కదా" అన్నాడు చూడు, ఆ రోజు. నిజంగానే చెప్పాడు.

వాడికి తెలీదు కదా అంటావా? ఎందుకు తెలీదు! మొన్న హరిణి ఫోన్లో చెప్పింది. అది గుసగుసగా, గోడ పక్కకెళ్ళి: "అమ్మా, నువ్వు వింటే మైకు బొమ్మ నీలం అవుతుందంట. అన్నయ్య రోజూ చూసేవాడు. ఒక్కటీ అవ్వలేదు. హార్టులు మాత్రం వచ్చేవి. నేనడిగితే, అమ్మకి ఆఫీసులో చెవులు ఖాళీ ఉండవే అన్నాడు."

చెవులు ఖాళీ ఉండవంట. నన్ను వెనకేసుకొచ్చాడక్కా, చెల్లెలి దగ్గర! వినకుండానే హార్టులు పంపుతున్నానని తెలిసి కూడా రోజూ మెసేజీ పెడుతూనే వచ్చాడు. నేను తిట్టిన రోజు దాకా.

మరి ఇందాక చెప్పినవన్నీ ఎలా విన్నావు అంటున్నావా? అడుగుతావని తెలుసు.

మొన్న చార్జింగ్ అయిపోయిందని నీ ఫోన్ అడిగి తీసుకున్నానా? అయిపోలేదు. వాడి మెసేజీలన్నీ నీ నంబరుకి పంపుకుని, బట్టలారేసే చోట కూర్చుని నీ ఫోన్లో విన్నా. అలా వింటే వాడి దగ్గర నీలం అవ్వదంట, ఆఫీసులో ఎవరో చెప్తే తెలుసు. విన్నాక నీ ఫోన్లోంచి తుడిచేశా.

ఎందుకో నాకే తెలీదు. ఇప్పుడు నీలం అయితే ఇన్నాళ్ళూ వినలేదని రుజువైపోతుంది కదా అనుకున్నా. వాడికి ఎప్పుడో తెలిసిన దానికి రుజువేంటి? కొడుకు మాట దొంగతనంగా విన్న తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. వాడేమో అమ్మ ఇంకా వినలేదనే అనుకుంటున్నాడు. అంత రభస జరిగాక కూడా వినలేదని.

ఏంటీ? ఇప్పుడు నా ఫోన్లోనే నొక్కమంటావా? నీ ముందా?

చెయ్యంతా బీరకాయ జిగురు. ఉండు, తుడుచుకోనీ.

ఇదిగో. మొదటిది. మెస్సీది. అయింది చూడు, నీలం. రెండోది... ఇంత చిన్న బొమ్మ అక్కా, రంగు మారడానికి రెప్పపాటు పట్టదు.

అయ్యో! పైన చూడు, ఆన్‌లైన్ అని వచ్చింది. చూస్తున్నాడు. స్నానమేం లేదు, ఫోన్ చేతిలోనే ఉంది. ఒక్కొక్కటీ నీలం అవుతుంటే అక్కడ కూర్చుని చూస్తున్నాడు.

ఏం రాయట్లేదు. రాయడు.

రాయకపోనీ. నువ్వు లేవకక్కా, ఇంకా ఉన్నాయి. ఆపితే, ఇప్పుడు కూడా సగంలో వదిలేసి పోయిందనుకుంటాడు.