సూపు గిన్నె షాట్

సినిమాలోంచి ఆ షాట్ తీసేస్తారా? అదేం మాట డైరెక్టర్ గారూ! ఉన్న ఒక్కటీ తీసేస్తే ఇంకేం మిగులుతుంది మాకు?

లేదు లేదు, లోపలికి రాను. తల్లో ఈ చావుమైల తెల్లపువ్వుతో ఒకరి గడప తొక్కకూడదని ఆ మాత్రం నాకూ తెలుసు. ఇక్కడే, స్టూడియో మెట్ల మీదే నిలబడతా. మీరూ ఆ తలుపు పట్టుకుని అలా బిక్కచచ్చిపోకండి. పోట్లాటకి రాలేదు. అంత ఓపికే ఉంటే ఈపాటికి ఏడ్చేదాన్ని కదా? ఆ షాట్‌లో పడి మా ఆయన కిన్‌ఫై పోయి నెల కావొస్తోంది. ఒక్క చుక్క రాలేదు. అన్నం తింటున్నా, పిల్లకి జడలేస్తున్నా, ఏదీ తెలియడం లేదు.

కొత్త సంవత్సరానికి వచ్చే నవ్వుల సినిమా, పోయినవాడి మొహం కనిపిస్తే అరిష్టం అంటారు. అనండి. పండగపూట పిల్లాపాపలతో వస్తారు, నిజమే. అయితే ఒకటి అడుగుతా. పెళ్ళికి ముందునుంచీ ఆయన మీ ఫైట్లలో తన్నులు తింటూనే ఉన్నాడు. ఎప్పుడైనా మొహం కనిపించిందా? హీరోకి డూప్ అయితే వీపు. రౌడీ అయితే బోర్లాపడ్డ తల. మా పిల్ల సుయెట్‌ని హాలుకి తీసుకెళ్ళి 'అదిగో నాన్న' అంటే, 'ఏడీ?' అనేది. హాలంతా నవ్వుతుంటే అది వెతుక్కుంటూ కూర్చునేది.

ఈ ఒక్క షాట్‌లోనే కదండీ మొహం పడింది! టీ కొట్టు మేడమీంచి సర్వరు వేషంలో పడతాడు, పందిరి చించుకుని, బల్ల విరగ్గొట్టుకుని. లేస్తే చేతిలో సూపు గిన్నె అలాగే ఉంటుంది. తీరిగ్గా జుర్రుకుంటాడు. అదంతా ఆయన కల్పనే. ఇంట్లో గిన్నె పట్టుకుని మంచం మీంచి దూకేవాడు, కింది వాటావాళ్ళు చీపురుకర్రతో పైకప్పు పొడిచి తిట్టేవాళ్ళు. 'పడినందుకు నవ్వరే పిచ్చిదానా, పడి లేచాక వాడు చేసే పనికి నవ్వుతారు' అనేవాడు.

ఏంటీ? ఇంకొకరితో మళ్ళీ తీస్తారా?

ఓహో. సెట్టు కూడా వేసేశారన్నమాట.

ఆ డబ్బుల ఎర్ర కవరు జేబులో పెట్టుకోండి. శవం వేషం వేసినవాళ్ళకి, దిష్టి పోవాలని ఇస్తారది. మా ఆయన శవం వేషం వెయ్యలేదు.

సరేలెండి. నేను వద్దంటే ఆగుతారా? ఆ వచ్చేవాడెవరో గానీ, వాడికి చెప్పండి, లేవగానే తాగేయకూడదు. ముందు గిన్నెలోకి తొంగి చూడాలి, ఈగ పడిందేమో అన్నట్టు. అందరం అక్కడే కదా నవ్వాం. నేను క్యారేజీ పట్టుకుని కెమెరా వెనకాలే ఉన్నా, కడుపు పట్టుకుని నవ్వా. మీరైతే కుర్చీలోంచి జారిపోయారు. కట్ చెప్పేదాకా ప్రాణం మీదికొచ్చినా కూలబడకూడదని ఈ ఫైటర్ల పంతం. లోపలంతా చితికిపోయినా ఆయన అలాగే నిలబడ్డాడు, సూపు అయిపోయినా ఖాళీ గిన్నె జుర్రుతూ. అది చూసి ఇంకా నవ్వాం.

మిమ్మల్ని అనడం లేదు. ఈసారి మాత్రం ఎంత నవ్వొచ్చినా ముందు కట్ చెప్పండి డైరెక్టర్ గారూ. తర్వాత నవ్వుకోవచ్చు.