గుట్టమ్మ పలకని పేరు

పెంచలమ్మ అని ఒకామె, నేతగాళ్లింటి కోడలు. ఆమె నోట మాట తిన్నగా రాదంట. "ఏమ్మే, కూరేం చేశావు" అని పక్కింటామె అడిగిందనుకో, "కిరీటం పెట్టుకున్న రాజుగారిని నాలుగు చీలికలు చేసి నూనెలో వేశా ఒదినా" అంటది గానీ వంకాయ అనదు. "మీ అత్త ఒంట్లో ఎట్టుంది" అంటే "యమధర్మరాజు వచ్చి ఈమె తిట్లు విని దున్నపోతుని కూడా వదిలేసి పారిపొయ్యాడు" అంటది. అత్త లోపల్నించి విని తనూ నవ్వుకునేదంట, అంత కమ్మని నోరు. మొగుడు ఏడుకొండలు. ఆయన సంగతి దీనికి పూర్తిగా ఎదురు. పొద్దున మగ్గం గుంటలో కాళ్లు దించాడంటే పొద్దు గూకేదాకా మాట ఉండదు. ఆమె పక్కన కూర్చుని కండెలు చుడతా ఉండేది, చుడతా మాట్లాడతా ఉండేది. ఆయన వినేవాడు, లోలోపల నవ్వుకునేవాడు. వాళ్లిద్దరి కాపురం ఇదీ. బిడ్డల్లేరు, అత్త కూడా కొన్నాళ్లకి కాలం చేసింది. ఉన్నది ఆ మాటలూ, ఆ వినడమూ.

ఇక ఆ కాలపు ఆచారం మీకు ఎరికే గదా. ఆడది మొగుడి పేరు నోటితో పలకరాదు. పలికితే ఆయన ఆయుష్షులో ఒక పోగు తెగుద్దని పెద్దలు కట్టిన కట్టుబాటు. కరణం జనాభా రాసుకోను వచ్చి, "అమ్మాయ్, మీ ఆయన పేరేంది" అని అడిగితే, పెంచలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆరు దాటినాక వచ్చేదేదో అది ముందు రాయండి, ఎక్కబోతే ఆయాసం తెప్పించేదేదో అది పక్కన రాయండి" అన్నదంట. కరణం కలం చెవిలో పెట్టుకుని తెల్లముఖం వేశాడు. దడి అవతల్నించి శేషమ్మ, అదే వంకాయ కూర అడిగిన పక్కింటామె, "ఏడుకొండలయ్యా ఏడుకొండలు, రాసుకో" అని అరిచింది. అట్ట, ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ పేరు పలికేదానికి ఎవరో ఒకరు ఉండేవాళ్లు. అందుకని పెంచలమ్మకి అదొక ఆటగానే ఉండేది గానీ ఇబ్బందిగా ఎన్నడూ లేదు.

ఏమైందంటే, ఒక ముసురు పట్టిన రోజు, పడుగు చెమ్మగిల్లి పోగు మీద పోగు తెగతా ఉంటే ఏడుకొండలు చెయ్యి ఆపేశాడంట. ఆపి, మగ్గం వంకే చూస్తా, "పెంచలా, మా నాయన నేశాడు, వాళ్ల నాయన నేశాడు. ఎవరో కట్టుకున్నారు, చిరిగిపొయ్యింది. నేను నేస్తన్నా, అదీ చిరిగిపోద్ది. ఇదంతా ఎందుకంటావు?" అని అడిగాడు. ఏడాదికి ఒక మాట మాట్లాడే మనిషి, అంత పొడుగు మాట అడిగాడు చూడండి. ఆమె కండె దించకుండానే, "చిరగకపోతే నీ నేత ఎవరు కొంటారయ్యా. చింపినోడే మనకు దేవుడు, దణ్ణం పెట్టుకో" అన్నది. అని నవ్వింది. ఆయన నవ్వలేదు. మూడోనాడు తెల్లారి లేచి చూస్తే మగ్గం మీద సగం చీర ఉంది, మనిషి లేడు. ఎవరో గోచీ సన్యాసులు ఊరి బయట దిగి ఉంటే వాళ్లెంట పొయ్యాడని తర్వాత తెలిసింది. మనిషి పోవడం కన్నా ఆమెకి గుండెలో గుచ్చుకున్నది ఇంకోటి. "నిజంగా అడిగాడే, నేను ఎకసెక్కం చేస్తినే" అని. నోట్లోకి ముద్ద పోలేదంట. దొరికితే తిన్నగా నాలుగు మాటలు చెప్పి ఇంటికి తెచ్చుకోవాలని, మూట కట్టుకుని బయల్దేరింది.

ఊరి పొలిమేర దాటినాక తెలిసొచ్చింది ఆమెకి, ఆచారం ఎంత బరువో. సత్రంలో అడుగుతారు, "ఎవర్నమ్మా వెతుకుతున్నావు, పేరేంది?" ఆమె నోరు తెరుస్తది, మూస్తది. శేషమ్మ లేదు గదా దడి అవతల. ఆ దేశంలో ఆ పేరు పలికే నోరు ఇంకోటి లేదు. "చీటీ రాయించుకోవచ్చు గదా తాతా" అని ఆ వెనక కూర్చుని గొణుగుతున్నావు, వినపడిందిలే. రాయించుకుంది, ఊరు విడిచేటప్పుడే కరణం చేత రాయించుకుని కొంగున ముడేసుకుంది. దారిలో ఏరు దాటేటప్పుడు నడుముల్లోతు నీళ్లు, ముడి విప్పి చూస్తే మసి ముద్ద. మళ్లీ రాయించాలంటే రాసేవాడికి ఆ పేరు పలికి చెప్పాలి గదా. చెప్పదు. ఆ మనిషి ఎక్కడ, ఏ చెట్టు కింద ఉన్నాడో, ఒక పోగు తెగితే ఎన్ని దినాలు తగ్గిపోతాయో అని భయం. అట్ట రెండేళ్లు తిరిగింది. అడిగిన ప్రతిచోటా, "ఆరు దాటినాక వచ్చేదీ, ఎక్కితే ఆయాసం తెప్పించేదీ" అని చెప్పడం, వాళ్లు పిచ్చిదని ఇంత గంజి పోసి పంపించడం.

చివరికి కొండల నడుమ ఒక మఠం చేరుకుంది. అక్కడి పెద్దస్వామి మహా పండితుడు. నాలుగు శాస్త్రాలు కంఠోపాఠం, నవ్వు మాత్రం అభ్యాసం చెయ్యలేదు. "ఎవరి కోసం వచ్చావు తల్లీ" అని అడిగాడు. "నన్ను విడిచిపోయినాయన కోసం స్వామీ." "ఆయన నామధేయం?" "నోటితో పలికేది కాదు స్వామీ." పెద్దస్వామి తల పైకెత్తాడంట. అవాఙ్మానసగోచరుడు, మాటకూ మనసుకూ అందనివాడు అంటున్నదే ఈ పల్లెటూరి ఇల్లాలు అని. "పోనీ, ఆనవాలు చెప్పు" అన్నాడు. ఆమె సిగ్గుపడి పాత పాటే పాడింది, ఆరు దాటాలి, ఆయాసపడి ఎక్కాలి అని. స్వామికి ఒళ్లు జలదరించింది. కామక్రోధాది శత్రువులు ఆరు గదా, వాటిని దాటి పైకెక్కితే గానీ దర్శనం కాదని చెబుతున్నదే అని. "ఆయన నివాసం?" "ఇల్లంతా ఆయనే స్వామీ, ఇంట్లో మాత్రం లేడు." "ఏం చేస్తుంటాడు?" "నేస్తాడు స్వామీ. అందరికీ తొడుగు నేస్తాడు, తన ఒంటి మీద మాత్రం ఏమీ ఉంచుకోడు." ఇంకేముంది, శిష్యులు పులితోలు తెచ్చి పరిచారు. పులితోలంటే ఆమెకు భయం, అంచున కూర్చుందంట. "అయ్యా, నేను నా పెనిమిటిని అడుగుతున్నా" అని ఏడ్చినంత పని చేసింది. "సమస్త జీవులకూ పతి ఆయనే గదా తల్లీ" అని వాళ్లంతా చేతులు జోడించారు. మంచి మనుషులే, మోసం లేదు. చదువు ఎక్కువైతే ఒక్కోసారి ఎదురుగా ఉన్నది కనపడదు, అంతే.

వెళ్లిపోదామనే అనుకుంది. గానీ పెద్దస్వామి ఒక మాట అన్నాడు, "ఈ దిక్కున తిరిగే సాధువులంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ గడప తొక్కక తప్పదమ్మా" అని. ఆమె ఆలోచించింది. ఇద్దరూ తిరగతా ఉంటే కలిసేది ఎట్ట, ఒకరు కదలకుండా ఉంటే ఇంకొకరు తగలకపోతారా అని. కూర్చుంది. గుట్టు విప్పని అమ్మ గనక గుట్టమ్మ అని పేరు పెట్టారు. రోజూ జనం. జీవితానికి అర్థం ఏంది గుట్టమ్మా అని ఒకడు, పుట్టడం ఎందుకు అని ఒకడు. ఆమెకి తెలిసిన విద్య ఒకటే గదా, వేళాకోళం. "పుట్టడం ఎందుకంటావా, మీ అమ్మ నడుము నొప్పి తగ్గించడానికి" అంటది. ఎదురుగా కూర్చున్నోళ్లు నవ్వరు. తాటాకు తీసి రాసుకుంటారు. ఇంకో పరిహాసం ఆడుతుంది, అదీ రాసుకుంటారు. మీరు ఎప్పుడైనా అనుభవించారో లేదో, నవ్వులాటకి అన్న మాటని ఎదుటోడు కళ్లకద్దుకుంటే ఎంత ఒంటరిగా ఉంటుందో. చుట్టూ వందమంది ఉంటారు, తిన్నావా అని అడిగేవాళ్లు ఉండరు. అమ్మవారు ఉపవాసం అనుకుంటారు. ఊళ్లో వాకిలి గుర్తొచ్చేది, శేషమ్మ పొట్ట పట్టుకుని నవ్వడం గుర్తొచ్చేది. పగలంతా వచ్చిన ప్రతి గడ్డం వెనకా మొగుడి మొహం వెతుక్కునేది. అట్ట తొమ్మిదేళ్లంట.

పదో ఏడు ఎండాకాలం, మధ్యాహ్నం అన్నాలవేళకి ముందు, ఒక గుంపు సాధువులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అందులో ఒకాయన, జడలు కట్టిన తల, ఎముకల గూడు. అరుగు అంచున కూర్చుని కాళ్లు కిందికి దించాడు. ఆ కాళ్లు ఊరికే లేవు. ఒక పాదం నొక్కడం, ఇంకో పాదం నొక్కడం, మగ్గం తొక్కుతున్నట్టు. ఆయనకే తెలియదు కాళ్లు ఆడతన్నాయని. ఆమె చూసింది. ఆయన చూడలేదు. సన్యాసి స్త్రీ మొహం చూడకూడదు గనక నేల చూపే. తల వంచుకునే అడిగాడు, "అమ్మా, నేనెవర్ని? పన్నెండేళ్లుగా ఈ ఒక్కటీ అడుగుతున్నా. నువ్వైనా చెప్పు."

కట్టుకున్న మొగుడు అమ్మా అని పిలిచాడు. ఆమె నాలిక కొసకి ఎప్పట్లాగే ఒక ఎకసెక్కం వచ్చిందంట. ఏం వచ్చిందో నాకు తెలీదు, ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆమె అనలేదు. మింగేసింది. అన్నదంటే రాసుకుంటారు, ఈయనా రాసుకుంటాడు. ఒకప్పుడు ఇట్టనే నిజంగా అడిగిన మనిషికి నవ్వులాట చెప్పి పోగొట్టుకుంది. పేరు పలికితే ఆయుష్షు తరుగుద్ది. పలకకపోతే తలెత్తకుండానే లేచి పోతాడు. వందమంది ముందు, ఆ నోరు పుట్టి పెరిగాక మొదటిసారి తిన్నగా ఒక మాట పలికింది. "ఏడుకొండలూ" అని, ఇంట్లోంచి వాకిట్లోకి పిలిచినట్టు.

"ఆఁ, వస్తన్నా" అన్నాడు ఆయన.

అని సగం లేచాడు గూడా. లేచినాక తలెత్తి చూశాడు. ఇద్దరూ ఎంతసేపు అట్ట చూసుకున్నారో, తాటాకులు ఎవరూ తియ్యలేదంట. తర్వాత ఆయన నేల మీద సాష్టాంగపడి ఆమె పాదాల దగ్గర తల ఆనించాడు. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది. "లే, ముందు ఇంత అన్నం తిను" అన్నది. తనే వడ్డించింది. చారులో కరివేపాకు ఏరి విస్తరంచున పెట్టుకుంటా తిన్నాడు, ఎప్పుడూ తిన్నట్టే. చెయ్యి కడుక్కుని వచ్చి మెల్లిగా అన్నాడు, "పన్నెండేళ్లు నేనెవర్ని అని లోపలికి కేకలేశాను, ఎవరూ పలకలేదు పెంచలా. నువ్వు పిలిస్తే ఒకడు పలికాడు. ఆ పలికినోడు ఎవడో వెంటనే పట్టుకోవాలి, మళ్లీ దాక్కుంటాడు. పోతా." ఆమె, "ఆ పలికినోడు నా మొగుడయ్యా. దానికి అడవులు ఎందుకు, నన్నడిగితే ఇంటి గుర్తులతో సహా చెబుతా గదా" అన్నది. ఆయన నవ్వాడంట. పన్నెండేళ్లలో ఆమె మాటకి నవ్విన మనిషి ఆయనొక్కడే. నవ్వి, జోలె భుజాన వేసుకుని కొండ దిగి వెళ్లిపొయ్యాడు. ఆమె ఆపలేదు. అరిచి పిలిస్తే తిరిగి చూస్తాడని తెలుసు, అయినా పిలవలేదు. తెగిన ఒక పోగు చాలదా ఆయన ఆయుష్షుకి అనుకుందో ఏమో. మర్నాడు పులితోలు మడిచి పెట్టి ఊరికి బయల్దేరింది. మగ్గం మీద సగం చీరకి చెద పట్టి ఉందంట. శేషమ్మ వచ్చి కూర్చుని, "ఏమైందే" అని అడిగితే, "దొరికాడు ఒదినా" అన్నది. అంతే, ఇంకేమీ కలపలేదు.

ఆయనకు జ్ఞానం దొరికిందని మఠంలో రాసిపెట్టారంటారు. ఉంటది, పెద్దల మాట కాదనను. నాకు శాస్త్రం అంత లోతుగా తెలీదు గానీ, మా ఇంటిది పోయి ఈ మాఘానికి ఆరేళ్లు. యాభై ఏళ్ల కాపురంలో, ఏమయ్యో అనేది, ఇదిగో అనేది, బిందె గట్టిగా చప్పుడు చేసేది. నా పేరు ఆమె గొంతులో ఎట్ట ఉండేదో నేను ఎరగను. నా ఆయుష్షు చూడబోతే ఇట్ట ఎనభై దాటి పడి ఉంది, ఎవరికి పనికొచ్చిందని. ఒక్క పోగు తెగితే తెగేది. సరే, లేవండి, చలి పడతా ఉంది.