వెళ్లి చూడనిదే నమ్మని అక్కయ్యగారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండున మన నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించిన నాడే, తమకు కేటాయించిన కుర్చీని తలకిందులు చేసి, నాలుగు కాళ్లనూ ఊపి చూసి మరీ ఆసీనులైన ఘనత మన అక్కయ్యగారిది. వెనకాల మనమంతా ‘అనుమానాల అక్కయ్య’ అని పిలుచుకునే ఆ మహిళామణి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఆనాడు మన కార్యాలయంలో సకల ఫిర్యాదులకూ ఒకటే దివ్యౌషధం: ‘లుక్ ఇంటూ’. ఆ ఆంగ్ల ప్రయోగానికి కూలంకషంగా పరిశీలించడమని అర్థమైనా, మన వాడుకలో అది వచ్చినవారిని మర్యాదగా ఇంటికి సాగనంపే మంత్రం. అది చెవిన పడగానే అక్కయ్యగారి కనుబొమలు ముడిపడేవి. “ఎవరు చూస్తారు? ఎప్పుడు చూస్తారు?” అని నిలదీయనిదే ఊరుకునేవారు కారు. పర్యవేక్షకురాలి స్థాయికి ఎదిగినా, వారి అనుమానం వారికంటే ముందే పదోన్నతి పొందుతూ వచ్చింది. కూరలో ఉప్పు సరిపోయిందని తానెంత చెప్పినా మరో చెంచాతో రుచి చూస్తారని భర్తగారే మా దగ్గర వాపోయారు.

ఒక వేసవిలో బడి వీధి కుళాయిల్లో దుర్వాసన వచ్చింది. వాల్వు తిప్పే ఉద్యోగి నిర్లక్ష్యమే కారణమని తేల్చేసి, అతణ్ని తొలగించే ఉత్తర్వు సిద్ధం చేశారు అప్పటి అధికారిగారు.

“ఎవరైనా వెళ్లి చూశారా సార్?” అన్నారు అక్కయ్యగారు.

“ఇంజనీరుగారు లుక్ ఇంటూ చేశారమ్మా,” అన్నారు అధికారిగారు.

“ఆ వీధంతా బురద సార్. ఆయన బూట్లు తళతళలాడుతున్నాయి.”

వెంటనే వాల్వు ఉద్యోగిని వెంటబెట్టుకుని బయలుదేరారు. “నేనేం తప్పు చెయ్యలేదక్కా,” అన్నాడతను.

“నీ మీదా నాకు నమ్మకం లేదు. నడువ్.”

మండుటెండలో ఇంటింటి కుళాయి నీళ్లూ దోసిట్లో పట్టి వాసన చూశారు. బడి గోడ దాకా నీళ్లు బాగున్నాయి; ఆ తర్వాతి ఇంటినుంచే కంపు. అక్కడ తవ్విస్తే, మురుగు కాలువ పక్కన పగిలిన గొట్టం బయటపడింది. ఉత్తర్వు రద్దయింది. అతను కళ్లనీళ్లు పెట్టుకుంటే, “ఏడుపు తర్వాత. రేపొచ్చి మళ్లీ వాసన చూస్తా,” అన్నారట.

ఈ వ్యాసం కోసం మొన్న అతణ్ని కదిపితే, “అక్క కూడా నన్ను నమ్మలేదండీ. నమ్మకపోయినా వచ్చి చూసింది. మిగతావాళ్లు అదీ చెయ్యలేదు,” అన్నాడు.

అక్కయ్యగారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సౌఖ్యంతో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని మా మనఃపూర్వక ఆకాంక్ష. ఊరికే అంటున్నామని వారు అనుమానిస్తారని తెలుసు. అందుకే, నూరేళ్లూ ఉండి స్వయంగా చూసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాం.