చిక్కుళ్ల పస్తు

గాజు గదిలో చిక్కుడు కుండీల మధ్య పరిశోధకురాలు తోటమాలిని నిలదీసింది.

"బాబాయ్, వీటికి యూరియా వేశావా?"

"వేశానమ్మా. పాలిపోయి ఏడుపు మొహాలు పెట్టాయి. ఇప్పుడు చూడు! పొద్దున ఓ తీగ నా మెడ పట్టుకుని ఇంకో పిడికెడు అడిగింది."

"జోకులొద్దు! కావాలనే పస్తుపెట్టాం. ఈ రకం చిక్కుళ్ల వేళ్లకి కాపలా కాసే రిసెప్టర్ ప్రోటీన్, నత్రజని అందించే మంచి బ్యాక్టీరియాని కూడా శత్రువనుకుని తరిమేసేది. దాన్ని మార్చాం, ఇప్పుడు రానిస్తుందేమో చూద్దామని. కడుపు నిండిన మొక్క ఎవరికైనా తలుపు తీస్తుందా? ఏడాది కష్టం మట్టిపాలు చేశావు!"

"నోరులేనివాటిని మాడ్చింది మీరు, తిట్లు నాకా?"

"ఎరువు వేయొద్దని తలుపు మీద ఇంతింత అక్షరాలతో రాశాంగా!"

"నాకు చదువు రాదని ఆరేళ్లుగా తెలుసుగా? ఎవరికోసం రాశావు, చిక్కుళ్లకా?"

ఆమె కుండీల వరుసంతా కలియజూసింది.

"అన్నిటికీ వేశావా?"

"ఆ మూల కుండీకి నడుం వంగలేదు."

ఆమె ఆ మొక్కను పెకలించింది.

"బాబాయ్! వేళ్లనిండా బుడిపెలు! గిల్లితే లోపల ఎర్రగా ఉంది, అంటే బ్యాక్టీరియా చేరి పనిచేస్తోంది. రానిచ్చింది! కానీ ఒక్క కుండీ చూపిస్తే ఎవరూ నమ్మరు. మళ్లీ మొదలుపెట్టాలి."

"పెట్టు. ఈసారి మాత్రం ఎరువు బస్తా బొమ్మ గీసి, అడ్డంగా కొట్టెయ్."