చిమెద్ అవ్వ టీవీ

ఉలాన్‌బాతర్ ఊరి చివర, కొండవాలు మీది గుడారాల పేట. వార్డు ఆఫీసులో సంక్షేమం పని చూసే ఒయూన్, చిమెద్ అవ్వ తడిక దగ్గర నిలబడింది.

“అవ్వా, కుక్కని పట్టుకో!”

“కుక్క లేదని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?”

“ఆ పలకరింపు అనకుండా ఎవరింట్లోకొచ్చినా మా అమ్మ తిడుతుంది.”

“రా, రా. గడప తొక్కకు. టీలో ఉప్పు సరిపోయిందో లేదో చూడు.”

“టీ తర్వాత. ఆ మూల ఎర్రగుడ్డ కింద ఏంటది?”

“ఏది?”

“అదే.”

“టీవీ.”

“పోయినేడూ ఇదే టీవీ. దీన్ని చూసే కదా నిన్ను కలిగినవాళ్ళలో వేశారు! తిండి కూపన్లు పోయాయి. గుర్తుందా?”

“ఎందుకు లేదు? రాసింది నువ్వేగా.”

“ఉన్నది రాయాలి మరి! ఈసారి ఇల్లు సింగారించొద్దని మొన్న చెప్పానా, లేదా?”

“మనిషి వస్తుంటే ఇల్లు బోసిగా ఉంచుతారా ఎవరైనా?”

“నేను చుట్టపుచూపుగా రాలేదు. నీకేం లేదో చూసి రాసుకోవడానికొచ్చాను.”

“అందుకొచ్చినవాళ్ళు టీ తాగరా?”

“మాట మార్చకు. దీని వైరేదీ?”

“ఉంది.”

“ఎక్కడ?”

“ఉందిలే ఎక్కడో.”

“మరి వార్తలెలా చూస్తావు?”

“చూడను. అన్నీ ఏడుపులే.”

“అవ్వా, దీని వెనక కార్ల బొమ్మలు అతికించి ఉన్నాయి.”

“నేనే అతికించుకున్నా. ముచ్చటేసింది.”

“డెబ్బై ఆరేళ్ళకా! ఎవరి దగ్గరో అరువు తెచ్చావు. ఆ ఒక్క మాట అను, టీవీని లెక్కలోంచి కొట్టేస్తా. చలికాలమంతా పిండీ మాంసం వస్తాయి నీకు.”

“నాదే అని రాయి.”

“ఎందుకవ్వా ఇంత గొప్ప? ఎవరికి చూపించాలని?”

“నీకే.”

“నవ్వులాట కాదు. నిన్న ఏం తిన్నావు?”

“పక్క గుడారం దులమా పిల్లలు గిన్నెతో తెచ్చారు. రోజూ తెస్తారు.”

“రోజూనా? మొగుడు పోయి, ముగ్గురు పిల్లలతో తనకే జరగదు. ఏదో, కూపన్లు వచ్చాయి కాబట్టి సరిపోయింది.”

“ఎలా వచ్చాయంటావు?”

“ఎలా ఏంటి? ఇంట్లో ఏమీ లేదు. నేనే చూశాగా. ఒక మంచం, ఒక పొయ్యి. పాపం, టీవీ కూడా లే... అవ్వా!”

“టీ చల్లారిపోతోంది, తాగు. తాగి రాసుకో, టీవీ నాదే. దులమా ఇంటికి రేపేగా నువ్వెళ్ళేది?”