అతీఖ్ సార్ దిద్దుకున్న ఆకు

సభకు వచ్చిన అందరికీ నమస్కారం, సలాం. అష్రఫున్నీసా గారూ, మీ దుఃఖం ముందు మా మాటలు చిన్నవే. అయినా వికారాబాద్, తాండూరుల నుంచి ఇంతమంది శిష్యులు పనులు మానుకుని వచ్చారంటే, మీ భర్త, మన అతీఖ్ సార్ లేరన్న మాట ఎవరికీ మింగుడుపడటం లేదనే కదా! నేను మహేశ్వరిని. మా బడిలో ఆయన రసాయనశాస్త్రం చెబుతుంటే పక్క గదిలో లెక్కలు చెప్పినదాన్ని.

మీకు గుర్తుందా? ప్రతి ఏడాదీ ఆయన ఒక తాండూరు బండ చూపించేవారు. దాని మీద నల్లగా, ఈనెలతో సహా, ఆకు అచ్చు. "లక్షల ఏండ్ల కిందటి చెట్టురా ఇది" అనేవారు. పదకొండేళ్లు అలాగే చెప్పారు.

తర్వాత ఆయన శిష్యుడు దానిష్ హైదరాబాద్ ల్యాబ్ నుంచి మైక్రోస్కోపులో తీసిన ఒక ఫొటో పంపాడు. వెండి కొమ్మలు, వెండి రెమ్మలు! వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేవు. ఎవరూ చెక్కలేదు, ద్రావణంలో వాటంతట అవే అల్లుకున్నాయి. ముందుకు పొడుచుకొచ్చిన కొసకే వెండి పరమాణువులు ముందు దొరుకుతాయట, అందుకే కొస ఇంకా సాగి కొమ్మలు వేస్తుందట. సార్ ఆ ఫొటోనూ బండనూ పక్కపక్కన పెట్టి వారం రోజులు చూశారు. నేను టీకి పిలిచినా రాలేదు, చూడండి! చివరికి తేల్చుకున్నారు: బండ మీదిది చెట్టు కాదు. పగుళ్లలోకి దిగిన నీళ్లు వదిలిపోయిన మాంగనీసు. ఒక లోహపు తుప్పు.

నేనైతే ఊరుకునేదాన్ని. ఆయన ఊరుకున్నారా? పాత హాజరు పట్టీలు దించి, తప్పు చెప్పానని చెప్పడానికి శిష్యుల ఇళ్లకు బయలుదేరారు. వాట్సాప్ గ్రూపులో పెడితే పోయేదానికి ఈ తిరుగుడేమిటని కోప్పడ్డాను. "గ్రూపుల పెడితే సరే సార్ అంటరు మేడం. ఎదురుంగ కూసుంటే అడుగుతరు" అన్నారు.

యాలాల్‌లో పాత శిష్యురాలు కొండమ్మ అడిగింది. "విత్తనం లేదు, వేరు లేదు. మరి అచ్చం ఆకు లెక్కనే ఎందుకైంది సార్? ఆకు గూడ గట్లనే పెరుగుతదా?" సార్ పట్టీలో ఆమె పేరుకు టిక్కు పెట్టి, పక్కనే ఆ ప్రశ్న రాసుకున్నారు. "మస్తు ప్రశ్న అడిగింది మేడం" అని మర్నాడు బడంతా తిరిగి చెప్పారు. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లిన మనిషి సంబరపడుతూ వచ్చారు. నిజం చెబుతున్నాను, నాకు అసూయ కలిగింది.

పోయిన మంగళవారం ఆయన కోట్‌పల్లి వెళ్లాల్సి ఉంది. సోమవారమే గుండె ఆగింది. పట్టీలో ఇంకా పంతొమ్మిది పేర్లకు టిక్కు పడలేదు.

ఆ పంతొమ్మిది మందిలో ఎవరైనా ఇక్కడ ఉన్నారా? ఉంటే వినండి. అది ఆకు కాదు. మీ సార్ పొరబడ్డారు. ఆ మాట మీ ఎదుట కూర్చుని చెప్పాలనుకున్నారు. చెప్పాక, మీరేం అడుగుతారో వినాలనుకున్నారు.

అందరం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. ఆయనను ఏం అడిగి ఉండేవారో, అది మనసులో అడగండి.